పిస్టల్ రౌండ్లు సొంతంగా రీలోడ్ చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండు సంగతులు. కావలి నుంచి డాలస్ వెళ్లి ఆరేళ్లయింది, ఏడాదిగా యూఎస్‌పీఎస్‌ఏ అనే అమెరికా షూటింగ్ సంఘం మ్యాచ్‌లలో 9 ఎంఎం పిస్టల్‌తో ఆడుతున్నావు, నెలనెలా రౌండ్లు కొనే ఖర్చు భరించలేక, కాల్చిన వాటినే మళ్లీ నింపి సొంతంగా రీలోడ్ చేసుకుందామనుకుంటున్నావు, ఎక్కడ మొదలుపెట్టాలి అనేది ఒకటి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక చిన్న ప్రెస్సు (రౌండ్లు నొక్కి చేసే లీవర్ యంత్రం), దానిలో బిగించే అచ్చులు, అంటే డైల సెట్టు తెచ్చి కావలిలో మీ బామ్మర్దికి పెట్టివ్వచ్చా అనేది రెండోది. నేను ఒహాయోలో పదిహేనేళ్లు రీలోడ్ చేశాను. ఇప్పుడు నెల్లూరులోనే ఉంటూ పిల్లలకు ఎయిర్ పిస్టల్ నేర్పిస్తున్నాను. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి అదే ముందు చెప్తాను.

తేవద్దు. ప్రెస్సే కదా, ఇనుప సామానే కదా అనుకుంటావేమో. మన 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదువు. తయారైన తూటాలే కాదు, వాటి విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా అందులోనే ఉన్నాయి. లైసెన్సు లేకుండా తయారుచేయడం సెక్షన్ 5కి విరుద్ధం. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. పైగా 9 ఎంఎం పిస్టల్ ఇక్కడ మామూలు పౌరుడికి ఇవ్వని నిషిద్ధ బోరు (గొట్టం కొలత). మీ బామ్మర్ది క్లబ్బులో కాలుస్తున్నది .22 అయితే అది రీలోడ్ చేసే రకమే కాదు, ఎందుకంటే నిప్పు రాజేసే ప్రైమర్ మందు దాని కేసు, అంటే ఇత్తడి తొడుగు, అంచు లోపలే పూసి ఉంటుంది. ఒకసారి కాలిస్తే ఆ కేసు పని అయిపోయినట్టే. ఆ అబ్బాయికి నిజంగా సాయం చేయాలనుంటే మంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొనివ్వు. .177 బోరు, 20 జౌల్‌ల శక్తి లోపు ఎయిర్ గన్లకు 2016 నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 2024 పారిస్‌లో మను భాకర్ తెచ్చిన రెండు కాంస్యాలూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోవే. ఇంట్లోనే రోజూ సాధన చేయొచ్చు, ఎవరికీ భయపడక్కర్లేదు.

ఇక నీ సంగతి. నీ ఇమ్మిగ్రేషన్ స్థితి ఏమిటో నువ్వు రాయలేదు. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇది. హెచ్-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అక్కడి చట్టంలో కూడా మందుగుండు అంటే పూర్తి రౌండే అని కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ (లోపల మండే మందు) ఏది విడిగా ఉన్నా ఆ మాట కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు వచ్చి ఉంటే ఈ ఇబ్బంది లేదు. రాకపోతే ప్రైమర్ల డబ్బా కొనే ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును కలువు. ఏడాదిగా ఆడుతున్నానన్నావు కాబట్టి ఈ మాట నొక్కి చెప్తున్నాను. ఏళ్ల తరబడి ఎదురుచూసే గ్రీన్ కార్డు దీనివల్ల పోకూడదు.

ఆ అడ్డు లేదనుకుని ముందుకు వెళ్తాను.

మనం తెలుగులో బుల్లెట్ అంటే మొత్తం తూటా అనుకుంటాం. ఈ పనిలో ఆ అలవాటు మానుకో. మొత్తం దాన్ని రౌండ్ అను. అందులో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్. కాల్చాక మిగిలేది కేసు ఒక్కటే. పాత ప్రైమర్ తీసి, ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టడమే రీలోడింగ్. చెప్పడానికి ఇంతే. 9 ఎంఎం రౌండ్ పేలినప్పుడు లోపల గరిష్ఠంగా 35,000 పీఎస్ఐ పీడనం ఉండొచ్చని అక్కడి ప్రమాణాల సంస్థ సామీ నిర్ణయించింది. నీ కారు టైరులో ఉండేది ముప్పై, ముప్పై అయిదు. అంటే దానికి వెయ్యి రెట్లు, అది నీ రెండు చేతుల మధ్య పుడుతుంది.

మా నాన్న నెల్లూరు ఆచారి వీధిలో నగల పని చేసేవారు. త్రాసు ముందు కూర్చోగానే ఫ్యాను ఆపించేవారు. మే నెలలో, రోహిణి కార్తెలో కూడా. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసేవారు, తూకం అయ్యేదాకా మాట్లాడేవారు కాదు. చిన్నప్పుడు నాకది చాదస్తంగా అనిపించేది. ఒహాయోలో హీటర్ గాలికి నా డిజిటల్ త్రాసు మీద అంకె అటూ ఇటూ ఊగుతుంటే అప్పుడు తెలిసింది ఆయన ఏం చేసేవారో. నీకు నేను నేర్పగలిగింది ఏదైనా ఉంటే అది ఆ త్రాసు దగ్గరే మొదలవుతుంది.

పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గ్రాము కాదు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, అమెరికా వాళ్ల పౌండుకు 7,000. మన లెక్కలో పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. మనం సవర అనే 8 గ్రాముల బంగారం 123 గ్రెయిన్ల పైచిలుకు, అంటే 124 గ్రెయిన్ల 9 ఎంఎం బుల్లెట్ ఇంచుమించు సవర బరువు. ఆ సవరను నెట్టే పౌడర్ చాలా రకాల్లో నాలుగైదు గ్రెయిన్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండు మూడు గురివింద గింజల ఎత్తు! ఐదు గ్రెయిన్లలో అర గ్రెయిన్ తేడా వస్తే పదో వంతు తేడా. ఒక రౌండ్‌లో పోసే పౌడర్ తూకాన్ని ఛార్జ్ అంటారు. ఆ తూకాలిచ్చే పుస్తకం, అంటే మాన్యువల్‌లో మొదటి ఛార్జ్‌కీ గరిష్ఠ ఛార్జ్‌కీ మధ్య చాలాసార్లు ఉండేది ఆ అర గ్రెయినే.

చవకగా దొరికే జేబు త్రాసుల్లో యూనిట్లు మార్చే బటన్ ఉంటుంది. అది నగల వాళ్ల కోసం చేసింది కాబట్టి గ్రాములు, క్యారెట్లు, గ్రెయిన్లు అన్నీ ఉంటాయి. పొరపాటున క్యారెట్ల మీద ఉండిపోయిందనుకో. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, మూడు గ్రెయిన్ల పైనే. తెర మీద నాలుగు అని చూసి నువ్వు పోసింది పన్నెండు గ్రెయిన్లు అవుతుంది. గ్రాముల మీద ఉంటే కేసు పొంగిపొర్లి నీకే తెలుస్తుంది. క్యారెట్ల మీద ఉంటే కొన్ని పౌడర్లు కేసులో పట్టేస్తాయి కూడా. అందుకే కూర్చున్న ప్రతిసారీ మొదట యూనిట్ చూడు, తర్వాత తూకం సరిచూసే చిన్న బిళ్లలు పెట్టి త్రాసు నిజం చెబుతోందో లేదో చూడు. ఫ్యాను, ఏసీ గాలి దాని మీద పడకూడదు. సెల్‌ఫోన్ పక్కగదిలో ఉండాలి.

ఛార్జ్ ఎంత అని నన్ను అడగవద్దు, నేను చెప్పను. నీమీద నమ్మకం లేక కాదు. ఆ లెక్క ఫలానా బుల్లెట్, దాని ఆకారం, రౌండ్ మొత్తం పొడవు, ఫలానా పౌడర్ అన్నీ కలిస్తేనే చెల్లుతుంది. లైమన్, హార్నడీ లాంటివాళ్ల ముద్రిత మాన్యువల్ ఒకటి కొను. పౌడర్ తయారీదారు సొంత వెబ్‌సైట్‌లో ఇచ్చిన పట్టికతో సరిచూడు. రెండింటికీ పొంతన కుదిరాక అందులో ఇచ్చిన మొదటి ఛార్జ్‌తో మొదలుపెట్టు, గరిష్ఠంతో కాదు. వీడియోలో ఎవరో చెప్పిన అంకె, రేంజిలో పక్కవాడు చీటీ మీద రాసిచ్చిన అంకె ఎంత మంచిదైనా పక్కన పెట్టేయ్.

ఇక్కడ ఒక మాట. మన ఎర్రగొండపాలెం వైపు అడవి పల్లెల్లో నాటు తుపాకీల్లో నల్ల తుపాకీమందు కూరిన కాలం కథలు నువ్వూ వినే ఉంటావు. పిడికిలితోనో చిన్న కొలతతోనో పోసేవాళ్లు. పొగలేని ఈ పౌడర్‌కు ఆ పద్ధతి ఏ విధంగానూ పనికిరాదు. అది వేరే పదార్థం, దాని మంట వేగం వేరు. ఒక పౌడర్‌ను ఇంకో పౌడర్‌తో రంగు చూసి పోల్చడం కూడా అంతే. అన్నీ బూడిదరంగు రవ్వలే. బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బా పౌడరే ఉండాలి. పని ముగిశాక పౌడర్ కొలిచే గొట్టంలో మిగిలింది అదే డబ్బాలోకి ఒంపెయ్యి. రేపు చూసుకుందాం అని వదిలేస్తే రేపటికి అదేమిటో గుర్తుండదు. గుర్తు లేని పౌడర్‌ను ఏడవకుండా పారేయడమే.

ప్రెస్సుల దగ్గర అందరూ తొందరపడతారు. లీవర్ లాగిన ప్రతిసారీ ఒక రౌండ్ పడే ప్రోగ్రెసివ్ ప్రెస్సు చూస్తే నీకూ మనసు లాగుతుంది. మొదటి వెయ్యి రౌండ్లు, లీవర్ లాగినప్పుడు ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సు మీదే చెయ్యి. ఒక్కో పని యాభై కేసులకు పూర్తిచేసి తర్వాత పనికి వెళ్లడం నెమ్మదే గానీ, ప్రతి మెట్టులో చెయ్యికి ఏం తెలుస్తుందో అప్పుడే అలవాటవుతుంది.

రేంజిలో ఏరిన కేసులు ముందు కంటితో చూసి వడపోయాలి. పగుళ్లు, ఉబ్బులు ఉన్నవి తీసెయ్యి. 9 ఎంఎం కేసు పొడవు 19 మిల్లీమీటర్లు; .380 కేసు 17, వాటిలో కలిసిపోతుంది, ఏరిపారేయ్. కొన్ని 9 ఎంఎం కేసుల్లో లోపల మెట్టులా గట్టు ఉంటుంది, అవి లోపలి చోటును తగ్గించి పీడనం పెంచుతాయి. టార్చి వేస్తే కనిపిస్తుంది. అడుగున ఒకే నిప్పు రంధ్రం ఉన్న బాక్సర్ రకమే మనకు పనికొచ్చేది, రెండు రంధ్రాలుంటే అది బెర్డాన్. శుభ్రం చేసి, కార్బైడ్ డైలో సైజు చేయి. ప్రైమర్ పెట్టేటప్పుడు కంటి అద్దాలు తప్పనిసరి. ప్రైమర్ కూర్చోనప్పుడు బలం పెట్టి నొక్కకు, ఆగి ఎందుకో చూడు. కూర్చున్నాక బొటనవేలితో తడిమితే కేసు అడుగుకన్నా వెంట్రుకవాసి లోపల ఉండాలి. పైకి తేలి ఉంటే ఆ రౌండ్ పక్కకు.

తర్వాత పౌడర్. దీని గురించి చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

యాభై గుంటలున్న చెక్క దిమ్మ ఒకటి కొను. దాన్ని లోడింగ్ బ్లాక్ అంటారు. కేసులన్నీ అందులో నిలబెట్టి ఒక్కొక్కదానిలో తూచి పోశాక, బుల్లెట్ ఒక్కటైనా ముట్టుకోకముందు టార్చి పైనుంచి వేసి యాభై కేసుల్లోకీ వరసగా చూడాలి. మీ అమ్మ ఇడ్లీ పళ్లెంలో పిండి పోశాక ఒకసారి చూసుకుంటుంది చూడు, ఏ గుంటలో తక్కువైంది, ఏది పొంగింది అని. అలాగే. ఖాళీ కేసు, రెండుసార్లు పోసిన కేసు ఆ చూపుకు తప్పక దొరుకుతాయి. అయితే దానికి పౌడర్ కూడా సాయపడాలి. కొన్ని రకాలు చాలా తక్కువ చోటు తీసుకుంటాయి, రెండింతలు పోసినా కేసులో హాయిగా ఇమిడిపోతాయి. కొత్తవాడివి కాబట్టి మాన్యువల్‌లో ఇచ్చిన ఛార్జ్ కేసును సగానికి పైగా నింపే రకం ఎంచుకో. రెండోసారి పోస్తే బయటికి పొంగాలి.

తయారయ్యాక రౌండ్లు తూచి తప్పు పట్టేస్తానని అనుకోకు. రకరకాల కంపెనీల ఇత్తడి కేసుల బరువుల్లో తేడానే కొన్ని గ్రెయిన్లు ఉంటుంది, నీ మొత్తం ఛార్జ్ ఆ తేడాలో దాగిపోతుంది. మూత పడకముందు కంటితో చూసిందే పరీక్ష.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మూడో ఏడాది చలికాలం, రాత్రి తొమ్మిదిన్నరకు గ్యారేజీలో కూర్చున్నాను. నెల్లూరులో అప్పుడు ఉదయం ఎనిమిది. అమ్మ ఫోన్ చేసింది. మా అక్క కూతురి పెళ్లి మాటలు, నలభై నిమిషాలు. ఫోన్ పెట్టేసి ఆ సంతోషంలోనే మళ్లీ కూర్చుని ఎక్కడ ఆగానో గుర్తుందనుకుని మొదలుపెట్టాను. దిమ్మలోకి చూడలేదు. రెండు వారాల తర్వాత మ్యాచ్‌లో మూడో స్టేజిలో పిస్టల్ తుస్సుమంది. కాల్చగానే వెనక్కి జరగాల్సిన పైభాగం, స్లయిడ్, కదల్లేదు. గడియారం నడుస్తోంది కాబట్టి ఆలోచన లేకుండా నా చెయ్యి స్లయిడ్ లాగి తర్వాతి రౌండ్ ఎక్కించింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్తుండగా రేంజ్ ఆఫీసర్ గట్టిగా ఆపమని అరిచాడు. ఆపాను. విప్పి చూస్తే బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. పౌడర్ పడని కేసు అది. ప్రైమర్ ఒక్కటే దాన్ని అక్కడిదాకా నెట్టి వదిలేసింది. దీన్ని స్క్విబ్ అంటారు. ఆ వెనక రెండో రౌండ్ పేలి ఉంటే గొట్టం చీలేది. నా వెనక నిలబడి స్కోరు రాస్తున్నది పధ్నాలుగేళ్ల అమ్మాయి, తోటి షూటర్ కూతురు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఆ బ్యాచ్‌లోని మూడు వందల పైచిలుకు రౌండ్లన్నీ విప్పాను. ఇంకొకదానిలో పౌడర్ రెండింతలు ఉంది. ఒకదానికి పడాల్సింది పక్కదానిలో పడిందన్నమాట. పదిహేను రోజులపాటు మళ్లీ ప్రెస్సు ముట్టుకోలేకపోయాను.

అప్పటినుంచి నా నియమం ఒక్కటే. మధ్యలో ఎవరైనా పిలిచినా, తలుపు తట్టినా, దిమ్మలో ఉన్న పౌడరంతా డబ్బాలోకి ఒంపేసి లేస్తాను. వచ్చాక మొదటి కేసు నుంచి. రేపు నువ్వు ప్రోగ్రెసివ్‌కు వెళ్లినప్పుడు కూడా ఇదే: ప్రెస్సు ఎక్కడైనా బిగుసుకుంటే సరిచేసి కొనసాగించకు. ప్లేటు మీదున్న కేసులన్నీ తీసి ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టు. తప్పులు పుట్టేది అలా ఆగి సాగిన చోటే. కాల్చేటప్పుడు శబ్దం వేరుగా వినిపించినా, వెనకదన్ను తగ్గినట్టు అనిపించినా ఆగాలి. స్టేజి పోతే పోనీ.

బుల్లెట్ కూర్చోబెట్టడంలో పొడవు ముఖ్యం. 9 ఎంఎంకు సామీ గరిష్ఠ పొడవు 1.169 అంగుళాలు. కానీ నీ మాన్యువల్ ఆ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవే నీకు ప్రమాణం. దానికన్నా లోపలికి దిగితే చోటు తగ్గి పీడనం అమాంతం పెరుగుతుంది. అందుకే రౌండ్‌ను బల్ల అంచుకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్లీ కొలువు, బుల్లెట్ జరగకూడదు. క్రింప్, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం, చివర కొద్దిగా సన్నబడేలా, టేపర్ రకమే. ఈ కేసు గొట్టంలో తన మూతి అంచు మీదే ఆనుతుంది కాబట్టి అంచును లోపలికి మడిచేయకూడదు. పిస్టల్ విప్పి గొట్టం ఒక్కటే చేతిలో పట్టుకుని రౌండ్ వేస్తే టక్కుమని పడాలి, తలకిందులు చేస్తే జారిపోవాలి.

మొదటిసారి పది రౌండ్లే చెయ్యి. యాభై కాదు. క్రోనోగ్రాఫ్ మీద కాల్చి వేగం రాసుకో. మీ ఆటలో మైనర్ అనే తరగతికి పవర్ ఫ్యాక్టర్ కనీసం 125 కావాలి. బుల్లెట్ గ్రెయిన్లను సెకనుకు అడుగుల వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదే అది. 124 గ్రెయిన్లది 1,050 అడుగుల వేగంతో వెళ్తే 130. ఆ మాత్రం మిగులు చాలు. చలి రోజునా వేరే క్రోనోగ్రాఫ్ మీదా కాస్త తగ్గినా కిందికి పోదు. అంతకు మించి ఛార్జ్ పెంచి ఒరిగేదేం లేదు. మైనర్‌లో మెత్తగా తన్నే రౌండే రెండో గుండును త్వరగా వేయనిస్తుంది.

ఇంట్లో పసిపిల్లలున్నారా? ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది, కాల్చిన కేసుల మసిలో అది పేరుకుంటుంది. కేసులను పొడిగా దొర్లించే టంబ్లర్ తెరిస్తే లేచే దుమ్ము నిండా అదే. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములున్నా పట్టించుకోమంటుంది అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ. ఆ పని వంటింటి దగ్గరా పడకగదిలోనూ వద్దు. నీళ్లతో కడిగే రకం టంబ్లర్ తీసుకో. పని చేస్తూ టీ తాగవద్దు, లేవగానే చన్నీళ్లు, సబ్బుతో చేతులు కడిగి చొక్కా మార్చుకుని పిల్లల్ని ఎత్తుకో. ఏడాదికోసారి నీకు కూడా సీసం పరీక్ష చేయించుకో.

పౌడర్, ప్రైమర్లు వచ్చిన డబ్బాల్లోనే ఉండాలి, వేరే సీసాల్లోకి మార్చకూడదు. డాలస్ ఎండాకాలం మన నెల్లూరు ఎండకేం తీసిపోదు, కాబట్టి గ్యారేజీలోనూ కారులోనూ పెట్టకు. ఇంటి లోపల చల్లగా ఉండే అల్మారా, తాళం. ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చో మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ను అడుగు, అపార్ట్‌మెంట్ అయితే అద్దె ఒప్పందం కూడా చదువు. పౌడర్ మూత తీయగానే పుల్లని ఘాటు వాసన వచ్చినా, ఎర్రటి దుమ్ము కనిపించినా అది చెడింది, వాడొద్దు.

మనవాళ్లకు ఏది చేసినా పంచే గుణం ఉంది. గోంగూర పచ్చడి సీసా ఇచ్చినట్టు స్నేహితుడికి ఒక డబ్బా రౌండ్లు ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకు. అతని పిస్టల్ గొట్టంలో వాటిని నువ్వు సరిచూడలేదు. వాళ్లవి నువ్వు కాల్చకు. అమ్మడం అయితే ఫెడరల్ లైసెన్సుతో ముడిపడిన వ్యవహారం. కొత్త పిస్టల్ వారంటీ కాగితం కూడా చదువు, రీలోడ్ చేసిన రౌండ్లు వాడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీలు రాస్తాయి.

చివరిగా, సంక్రాంతికి వస్తున్నానన్నావు కాబట్టి ఇది. రేంజికి తీసుకెళ్లే బ్యాగును ప్రయాణానికి వాడకు. మనవాళ్లలో కొందరు బ్యాగు మూలలో మర్చిపోయిన ఒక్క రౌండ్‌తో ఇక్కడి విమానాశ్రయాల్లో దొరికి, ఆయుధాల చట్టం కింద కేసు పడి, సెలవులన్నీ కోర్టుల చుట్టూ తిరిగారు. చొక్కా జేబులు, ప్యాంటు మడతలు, బూట్లు కూడా దులిపి చూసుకుని చెన్నై విమానం ఎక్కు. వచ్చే ముందు పది రౌండ్లు చేసి ఉంటే ఏ మాన్యువల్, ఏ బుల్లెట్, ఎంత పొడవు, క్రోనోగ్రాఫ్ అంకెలు పదీ రాసుకుని తీసుకురా. నెల్లూరులో దిగినప్పుడు మా ఇంటికి వస్తే కూర్చుని చూద్దాం.